గ్రానైటు కొట్టు బోర్డు: టీకా తాత్పర్యసహితము

మూలము: ఇచ్చట చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు లభించును. గీత పడదు. కోసిన పలక వాపసు తీసుకొనబడదు.

అవతారిక: హైదరాబాదున ఇల్లు కట్టుచున్న యొక గృహస్థు, వంటగది గట్టునకు రాయి వెదకుచు సతీసమేతుడై కొట్టు ముందు నిలువగా, ఈ బోర్డు అతని కంటబడుచున్నది.

టీక: ఇచ్చటన్ = కోత మిషను మొరయుచు దుమ్ము లేచు ఈ చోట; చీమకుర్తి = ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు చేరువనున్న ఆ ఊరి క్వారీలయందు పుట్టినట్టి; బ్లాక్ = నల్లనైన; గెలాక్సీ = బంగారు చుక్కలు గల; గ్రానైటు = గ్రానైటు కానట్టి రాయి; లభించును = చదరపుటడుగుల లెక్కన అమ్మబడును.

తాత్పర్యము: స్పష్టము.

విశేషములు: "గ్రానైటు కానట్టి" అనునది అచ్చుతప్పు గాదు. పలుగురాతి ఖనిజమైన క్వార్ట్జ్, రెండు తెగల ఫెల్డ్‌స్పార్, కొంత కాకిబంగారమో హార్న్‌బ్లెండో కూడినది గ్రానైటు. కాకిబంగారము వంటివి విడిచి లెక్కింపగా, క్వార్ట్జ్ నూటికి 20 పాళ్లకు తగ్గరాదు. చీమకుర్తి రాతిలో ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పారును పైరాక్సీనులును ప్రధానములు. భూశాస్త్రజ్ఞులు దీనిని గాబ్రో తెగలో చేర్తురు. మిలమిలలాడు చుక్కలు బ్రాంజైట్ అను పైరాక్సీను, తాకట్టుకు పనికిరావు.

మరి గ్రానైటని యేల పిలిచిరి? నునుపు పట్టి, నిమ్మరసమునకు చెదరని గట్టిరాయి యెల్ల కొట్టువానికి గ్రానైటే. వ్యుత్పత్తి కంటె రూఢి బలీయము, రూఢి కంటె రసీదు బలీయము. చుట్టరికము బొత్తిగా లేకపోలేదు. రెండును భూగర్భమున కరగి, అచ్చటనే తాపీగా చల్లారినవి. పాకము నిదానముగా ఆరిన పటికబెల్లమువలె పెద్ద గింజ కట్టినవి. ఆ గాబ్రో ద్రవమే పైకి పొంగి త్వరగా చల్లారినచో బసాల్టగును, గింజ కంటికానదు.

కొన్ని కొట్లలో "లబించును" అని పాఠాంతరము. అర్థమునందును రేటునందును భేదము లేదు.

అలంకారము: హైదరాబాదు గుట్టలు సుమారు 250 కోట్ల యేండ్లనాటి అసలు గ్రానైటు. గులాబిరంగు ఫెల్డ్‌స్పారుతో, క్వార్ట్జ్‌తో సలక్షణముగా నున్నవి. మన గృహస్థు పునాదిలో తగిలిన ఆ రాతిని డబ్బిచ్చి పగులగొట్టించి, లారీ కెత్తించి, పారబోయించి, పిదప గ్రానైటు కొన వచ్చినాడు. రాయి యొకచోట, పేరొకచోట. అసంగతి యని మా మతము. అమాయకత్వమని కొందరు. అది ఆదరణీయము గాదు. కట్టినవాని కష్టమెరుగని మాట.

గీత పడదు: ఉక్కు కత్తి కాఠిన్యము మోస్ కొలతలో సుమారు 5.5, ఫెల్డ్‌స్పారుది 6. కత్తి పరముగా వాక్యము సత్యము. గిన్నె అడుగున అంటిన ఇసుకరేణువు క్వార్ట్జ్, దానిది 7. అది గీయును. అసలు గ్రానైటైనను అందలి క్వార్ట్జ్ గింజలు మాత్రమే తట్టుకొనును. ఫెల్డ్‌స్పారునకు రక్ష లేదు.

తీసుకొనబడదు: కర్మణి ప్రయోగము. కర్త గల్లాపెట్టె వెనుక కూర్చున్నాడు.