2504 మీద గొడవ పడేవాళ్లకు కొన్ని సలహాలు

1991 నాటి కాలయంత్రం సినిమా 'ఆదిత్య 369' మీద గొడవ పెట్టుకోవాలంటే రాయల దగ్గర మొదలుపెట్టకండి. సినిమా పేరు ఎత్తగానే అందరూ విజయనగరానికి పరుగెడతారు. రాయలుగా బాలకృష్ణ, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకిగా సిల్క్ స్మిత, జంధ్యాల మాటలు, ఇళయరాజా బాణీలు. అక్కడ గొడవకు చోటేది? నలుగురూ పొగిడి, టీ తాగి లేచిపోతారు. మీరు నేరుగా 2504లో దిగండి. మూడో ప్రపంచ యుద్ధం ముగిసి, అణుధార్మికత వల్ల నేల మీద బతకలేక మనుషులు భూగర్భంలో కాపురముండే ఆ ఫ్యూచర్ ఎపిసోడ్ దగ్గర మకాం వెయ్యండి. వీరాభిమానులు కూడా 'అక్కడ తేలిపోయింది గురూ' అని గొంతు తగ్గించేది అక్కడే. వాళ్ల గొంతు తగ్గినచోటే మీరు మొదలుపెట్టాలి.

వాదనకు ముందు సినిమా మళ్లీ చూడకండి. ఈ మాట చాలామందికి రుచించదని తెలుసు. 2025 ఏప్రిల్‌లో 4కె ప్రింటుతో రీరిలీజ్ కూడా అయింది, చూడాలనుకుంటే ఇబ్బంది లేదు. అయినా వద్దు. నిన్ననే చూసొచ్చినవాడు సీన్లు వరసగా అప్పజెప్పి మిగతావాళ్ల నోరు మూయిస్తాడు. ఎప్పుడో చూసినవాళ్లను పోగెయ్యండి. రాయల సభలో ఏం జరిగిందో చెప్పమనండి, చేతులు తిప్పుతూ చెబుతారు. 'మరి 2504లో?' అనడగండి. ఏవో లైట్లు, ఏవో మెషీన్లు అంటూ తడుముకుంటారు. ఆ తడుములాటే మీకు కావలసిన సాక్ష్యం. ఒక కథకు, చూసినవాడి మనసులో నిలవకపోవడాన్ని మించిన లోపం లేదు. రీరిలీజ్ చూసొచ్చినవాడు ఆ లోపాన్ని కప్పేస్తాడు.

'ఆ రోజుల్లో గ్రాఫిక్స్ ఎక్కడివి, అంత డబ్బు ఎక్కడిది' అనే మాటను మొదటి నిమిషంలోనే నిషేధించండి. అది ప్రేమగా అనే మాటే, కాదనను. కానీ అది దర్శకుడు సింగీతం శ్రీనివాసరావును చిన్నబుచ్చుతుంది. 1987లో ఒక్క డైలాగు లేకుండా 'పుష్పక విమానం' నడిపించిన మనిషి ఆయన. లేమిని బలంగా మార్చుకోవడం ఆయనకు ఒకరు నేర్పాలా? పైగా ఈ సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. పీసీ శ్రీరామ్ తర్వాత రాయల కాలాన్ని వీఎస్ఆర్ స్వామి, భవిష్యత్తును కబీర్ లాల్ తీశారు. కాబట్టి కళ్లకు కనిపించేదాంట్లో తప్పు వెతకొద్దు. నా అభియోగం ఒక్కటే: చుట్టేశారు. 1991 నుంచి రాయల కాలం 1526కు వెనక్కి 465 ఏళ్లు. 2504కు ముందుకు 513 ఏళ్లు. ఎక్కువ దూరం వెళ్లినచోట తక్కువసేపు ఆగారు. రాయల దగ్గర తీరిగ్గా పీట వేసుకు కూర్చున్న కథ, భూగర్భంలో చెప్పులు కూడా విప్పలేదు.

ఫిజిక్సును లోపలికి రానివ్వకండి. మన విశాఖలో ఇది కష్టం. ఉక్కునగరంలో, నేవీ క్వార్టర్సులో, యూనివర్సిటీ వైపు ఎటు తిరిగినా ఇంజనీర్లే. కాంతి వేగం, కార్యకారణం అంటూ పెన్ను తీస్తారు. వాళ్లకు హెచ్.జి. వెల్స్ పేరు చెప్పండి. ఈ కథకు ప్రేరణ అయిన ఆయన 1895 నవలలో యంత్రం ఎలా నడుస్తుందన్నది పెద్దగా తేల్చడు. కానీ ఎనిమిది లక్షల ఏళ్ల తర్వాతి లోకానికి వెళ్లి, పుస్తకంలో ఎక్కువ భాగం అక్కడే ఉండిపోతాడు. అందుకే ఆ లోకం నిలిచింది.

ఇంట్లో సోఫాలో కూర్చుని వాదించొద్దు. ఊళ్లో తిరుగుతూ వాదించండి. మొదట సింహాచలం. రాయలు 1516లో, మళ్లీ 1519లో ఈ కొండకు వచ్చాడని గుడి శాసనాలు చెబుతున్నాయి. సినిమాలో యంత్రం 1526లో దిగేసరికి ఆ రెండో రాక జరిగి ఏడేళ్లు. గతానికి మనకు రాతి మీద ఆధారముంది, సెట్టు కాస్త అటూ ఇటూ అయినా నమ్మేస్తాం. భవిష్యత్తుకు అలాంటి ఆసరా లేదు, అన్నీ కథే అమర్చుకోవాలి.

అక్కడి నుంచి బీచ్ రోడ్డులో కురుసురాకు రండి. 1969లో నేవీలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డునున్న జలాంతర్గామి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి, గోడ పట్టుకుని దాటాలి. పడకలు ఒకదాని మీద ఒకటి. చుట్టూ పైపులు, మీటర్లు. వెనకాల పిల్లలు తోస్తుంటే ఆగి ఊపిరి తీసుకోవడానికి జాగా ఉండదు. అక్కడ నిలబడి మీవాళ్లను అడగండి: మూసిన లోకంలో తరాల తరబడి బతికే మనుషుల నడక, కోపం, విసుగు ఇలా ఉండవా? 2504లో నాకు తగలనిది ఈ ఇరుకే.

తర్వాత వన్ టౌన్. పోర్టు వైపు ఇళ్లలో కిటికీ చువ్వ మీద వేలితో గీస్తే వేలు నల్లబడుతుంది. బొగ్గు పొడి. ఇదే ఊరి ఇంకో మూల, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. గాలికి భయపడి ఇల్లు విడిచిన ఊరు ఇది. 2504 ఎపిసోడ్‌ను 'పిచ్చి ఊహ' అని ఎవరైనా నవ్వితే, ఇక్కడ మాత్రం నవ్వనివ్వకండి. ఊహ సరైనదే. అంత సరైన ఊహ దగ్గర కథ ఆగలేదన్నదే నా బాధ. పైకి వెళ్లి ఆకాశం చూడాలని తపించే ముసలమ్మ ఒకరు ఆ భూగర్భంలో ఉండి ఉంటే, ఈ పాటికి మనం ఆవిడ గురించే మాట్లాడుకునేవాళ్లం.

హైదరాబాద్ నుంచి వచ్చిన బావగారో, అమెరికా నుంచి దిగిన తమ్ముడో 2504ను ఎగతాళి చేస్తే అప్పటికప్పుడు పక్షం మార్చెయ్యండి. ఉన్న బలమంతా కూడగట్టి వెనకేసుకు రండి. తప్పు పట్టే హక్కు దాన్ని ప్రేమించేవాళ్లది. మాట మార్చారని మీవాళ్లు అంటే అననివ్వండి.

ఇక కుర్రాళ్లు. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' చూసొచ్చి, 'మీ సినిమాలో ఏముంది అంకుల్' అంటారు. ఆ సినిమాకూ సింగీతమే మార్గదర్శి అని ముందు చెప్పండి. ఎనభై దాటిన వయసులో ఆయన చెయ్యి మళ్లీ పాడైపోయిన భూమి మీదే పడిందని చెప్పండి. ఖర్చు గురించి, గ్రాఫిక్స్ గురించి వాళ్లు ఎంత చెప్పినా వినండి. చివర్లో, ఆ లోకంలో అన్నం కోసమో, నీళ్ల కోసమో అల్లాడిన ఒక మామూలు మనిషిని గుర్తు చేసుకుని అతని కథ చెప్పమనండి. చెప్పగలిగితే ఆ పూట గెలుపు వాళ్లదే, మారు మాట్లాడకండి.