వీధి ఫలకానికి సటీక తాత్పర్యం

మూలం: "సంఘసేవా ధురీణులు, కతోలిక విశ్వాసుల పెన్నిధి కీ.శే. ఫలానా వారి మార్గము. గౌరవనీయులు అలానా వారి అమృత హస్తములచే ఆవిష్కరింపబడినది."

అవతారిక: ఫలకం ఏ ఊరిదైనా పాఠం ఒకటే. వ్యాఖ్యాన సౌకర్యం కోసం కొత్తవలసలో పాతుకుందాం.

టీక: 'ఫలానా వారి' సులభం, వదిలేస్తున్నాం. 'మార్గము' దగ్గర ఆగాలి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కావ్య వ్యాఖ్యాత కొల్చారం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మాకు అలాంటి ఒట్లేమీ లేవు. కనుక రైలుమార్గం చూద్దాం.

కొత్తవలసలో బయల్దేరి, అనంతగిరి కొండలెక్కి, అరకు దాటి కిరండూల్ చేరే లైను 1960లలో వేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు దిగి జపాను ఓడలెక్కాలి, అదీ అవసరం. యాభైకి పైగా సొరంగాలు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత పనికీ పెట్టిన పేరు కొత్తవలస–కిరండూల్ లైను, వాడుకలో కేకే లైను. రెండు కొసల ఊళ్ల పేర్లు, అంతే! అందులో ఎవరి అమృత హస్తాలూ లేవు, ఎవరూ దారి తప్పలేదు. (కొండ తొలిచిన కూలీల పేర్లూ లేవు. దానికి వేరే వ్యాఖ్యానం రాయాలి.) ఇంతకీ మనం వీధిలో ఉన్నాం కదూ.

'విశ్వాసుల పెన్నిధి': గురుపట్టం లేని పెద్ద అని భావం. నేటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి మిషనరీలు 1846లో విశాఖపట్నంలో దిగారు. ఆ తర్వాత పల్లెపల్లెకూ నడిచి జపాలు నేర్పిందీ, గురువు అందని చోట శవం పక్కన నిలబడి ప్రార్థన చెప్పిందీ అలా పట్టం లేని ఉపదేశులే. ఒక్క ఉపదేశి పేరిట వీధి చూపించండి, చెప్పులు విడిచి నడుస్తాం.

ఆక్షేపం: పెద్దల్ని గౌరవించడం తప్పా?

సమాధానం: కాదు. తాగుడు మాని భక్తుడైన డబ్లిన్ కూలీ మ్యాట్ టాల్బట్ 1925లో పోతే, ఆయన చెమటోడ్చిన రేవుల దగ్గరి వంతెనకే 1978లో ఆ పేరు పెట్టారు. 1945లో పెద అవుటపల్లిలో కన్నుమూసిన భక్తుడు జోసఫ్ తంబికి ఫలకంతో పనే లేదు. ఏటా జనవరిలో జనం వాళ్లంతట వాళ్లే అక్కడికి వెళ్తారు.

పాఠాంతరం: ఆటోవాళ్ల ప్రతిలో "స్టేషను రోడ్డు పక్క సందు" అని ఉంది. అదే ప్రామాణికం.

అలంకారం: అతిశయోక్తి. పోయినవారి పేరు జానెడు, ఆవిష్కర్తది మూరెడు, కింద వార్డు మెంబర్లందరూ. రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013లో రాష్ట్రాలకు చెప్పింది. అక్కడ ఆగిన ఉత్సాహమంతా ఫలకాల్లోకి ప్రవహించింది. మురుగు మాత్రం ప్రవహించదు, వీధికి కాలువ లేదు మరి.

తాత్పర్యం: అయ్యలారా, ముందు కాలువ తవ్వించండి. తర్వాత ఫలకం మీద బిరుదులు చెరిపి ఆయన చేసిన పని ఒక్క వాక్యం రాయించండి. బడి పెట్టారా, బావి తవ్వించారా, దిక్కులేని శవాన్ని మోశారా? ఆ వాక్యానికి ఏమీ దొరక్కపోతే వీధిని పాత పేరుతోనే ఉండనివ్వండి.