కొసరు కోసిన రైలు

"సారూ, ముసలోళ్ళకు తగ్గింపు ఉంటది గదా?"

"బందయింది పెద్దాయనా."

"ఎప్పటిసంది?"

"కరోనా కాన్నుంచి."

"కరోనా పోయె గదా బిడ్డా?"

"తగ్గింపు గూడ దానెంబడే పోయింది."

మా ఊరి స్టేషన్ల టికెట్ కౌంటర్ దగ్గర విన్న మాటలివి. లోపల కూర్చున్న అబ్బాయి ఈ జవాబు ఎన్ని వందల సార్లు చెప్పాడో, గొంతులో విసుగు కూడా మిగల్లేదు. పెద్దాయన బనీను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆధార్ కార్డు, మందుల చీటీ, మడత పెట్టిన నోట్లు. వయసు రుజువు కోసం తెచ్చుకున్న ఆధార్‌ను ఎవరికీ చూపకుండానే మళ్ళీ కవర్లో దోపాడు. నోట్లు మాత్రం ఇంకో రెండు ఎక్కువ లెక్కపెట్టాడు.

మన అంగట్లో కూరగాయలమ్మను చూడండి. పదేళ్ళుగా ఆమె దగ్గరే కొంటున్నారంటే, తూకం అయ్యాక గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచీలో వేస్తుంది. దానికి కొసరు అని పేరు. ఆమె ఎంబీఏ చదవలేదు. పాత గిరాకీని నిలుపుకోవాలని ఆమెకెవరూ పాఠం చెప్పలేదు. మరి లక్షల కోట్ల బడ్జెట్ ఉన్న రైల్వేకు ఆ గుప్పెడు మిరపకాయల తెలివి ఎందుకు లేకపోయింది? బొగ్గు ఇంజన్ల కాలం నుంచి ఎక్కుతున్న గిరాకీ ఇది. జనరల్ బోగీలో కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుకున్న గిరాకీ. పెళ్ళికీ చావుకీ గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కో కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కో పరుగెత్తిన గిరాకీ. ఆ గిరాకీకి అరవై నిండాయి. ఇక కొసరు వేయాల్సిన వేళ తూకం దగ్గరే సంచీ లాక్కున్నారు.

లెక్క చెప్పుకుందాం. 60 దాటిన మగవాళ్ళకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకు 50 శాతం రాయితీ ఉండేది. మూల చార్జీ 500 అయితే ముసలాయనకు 300, ముసలమ్మకు 250. ఇద్దరికీ కలిపి 550తో పని అయ్యేది. ఇప్పుడు ముక్కు పిండి వెయ్యి. ఆపింది 2020 మార్చి 20న. కారణం ఏం చెప్పారు? ముసలివాళ్ళు అనవసరంగా తిరిగి కరోనా అంటించుకోకూడదట. ఎంత ప్రేమ! కడుపున పుట్టిన కొడుకులకైనా ఇంత బెంగ ఉంటుందా?

సరే, కరోనా పోయింది. దానితో పోయినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. రైళ్ళ నంబర్ల ముందు సున్నా తగిలించి "స్పెషల్" అన్నారు, 2021 నవంబరులో ఆ సున్నా తీసేశారు. ఏసీ బోగీల్లో దుప్పట్లు, తెరలు 2022 మార్చిలో తిరిగొచ్చాయి. ప్యాసింజర్ బండి కనీస చార్జీని పది నుంచి ముప్పై చేశారు కదా, అది 2024 ఫిబ్రవరి చివర్లో మళ్ళీ పదికి దిగింది. మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కాకతాళీయం అనుకుంటారో, ఇంకేమైనా అనుకుంటారో మీ ఇష్టం.

దుప్పటికి కరోనా పోయింది. తెరకు పోయింది. పది రూపాయల టికెట్‌కూ పోయింది. ముసలోళ్ళకు మాత్రం ఎందుకు పోలేదు?

పైసలు కాబట్టి పోలేదు. సమాచార హక్కు కింద అడిగితే రైల్వే లెక్క బయటపడింది. 2020 మార్చి 20 నుంచి 2025 ఫిబ్రవరి చివరి దాకా వృద్ధుల ప్రయాణాలు 31 కోట్ల 35 లక్షలు. రాయితీ ఆపినందువల్ల రైల్వేకు అదనంగా పడిన సొమ్ము 8,913 కోట్లు. భాగించి చూడండి. ఒక్కో ప్రయాణానికి 284 రూపాయలు. మన తెలంగాణలో వృద్ధాప్య పింఛను నెలకు 2,016. దాన్ని నాలుగు వేలు చేస్తామని 2023 ఎన్నికల్లో చెప్పి ఓట్లు వేయించుకున్నవాళ్ళ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఒక్కసారి రైలెక్కితే పింఛనులో ఏడో వంతు గోవిందా. తిరుగు ప్రయాణం లెక్క మీరే వేసుకోండి.

ఈ మధ్య ఒక ముచ్చట చదివి నవ్వొచ్చింది. అమెరికాలో కార్నివాల్ అనే విహార నౌకల కంపెనీ ఉంది. ఏళ్ళ తరబడి అదే కంపెనీ ఓడలెక్కిన పాత ప్రయాణికులకు హోదాలు, మర్యాదలు ఇచ్చేది. 2025 జూన్‌లో రూలు మారుస్తానని ప్రకటించింది. ఇకపై ఎన్ని రోజులు ఓడెక్కారన్నది ముఖ్యం కాదు, ఎంత ఖర్చు పెట్టారన్నదే లెక్క అంది. పాత గిరాకీ భగ్గుమంది. మా హోదా పోయింది, మా మర్యాద పోయింది అని ఒకటే గోల. పాపం వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఒక తేడా ఉంది. అది లాభాల కోసం తేలే ఓడ. ఇది మన పన్నులతో వేసిన పట్టాల మీద నడిచే బండి. ఆ కంపెనీ కనీసం ముందే చెప్పింది. మనవాళ్ళు "తాత్కాలికం" అని నమ్మించారు. ఆరేళ్ళ తాత్కాలికం ఎక్కడైనా చూశారా?

అసలు ఈ రాయితీ మీద కన్ను పడింది కరోనా కాలంలో కాదు. పాత టికెట్ ఏదైనా పుస్తకంలో మిగిలి ఉంటే తీసి చూడండి. 2016లో టికెట్ మీద ఒక ప్రశ్న అచ్చేశారు. మీ చార్జీలో 43 శాతం ఈ దేశ సామాన్య పౌరులు భరిస్తున్నారని మీకు తెలుసా అని. డబ్బు పెట్టి కొన్న టికెట్టే మనల్ని దెప్పిపొడుస్తుందన్నమాట! హోటల్లో భోజనం చేశాక బిల్లు మీద "నువ్వు తిన్నదాంట్లో సగం పక్కవాడిది" అని రాస్తే ఎట్లుంటది? ఇంతకీ ఆ సామాన్య పౌరుడెవరయ్యా? మహబూబాబాద్ ప్లాట్‌ఫారం మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు ఎవరు మరి? ఆయన కట్టిన పన్నుతో ఆయన్నే ఉద్ధరిస్తున్నామని ఆయనకే చీటీ రాసిచ్చారు. 2017లో ఇంకో అడుగు వేశారు. గ్యాస్ సబ్సిడీ లాగా రాయితీని మీ అంతట మీరే వదులుకోండి, సగమో మొత్తమో మీ ఇష్టం అన్నారు. అడిగితే ఎంతమంది వదులుకుంటారు? అడగడం మానేసి పీక్కున్నారు.

పార్లమెంటులో ఎప్పుడు అడిగినా ఒకే పాట. ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తూనే ఉన్నాం, 100 రూపాయల ప్రయాణానికి 54 మాత్రమే తీసుకుంటున్నాం, 2022-23లో ఈ భారం 56,993 కోట్లు. అందరికీ ఇస్తున్నాం కాబట్టి ముసలివాళ్ళకు వేరే ఎందుకు అని దీని భావం. ఊరందరికీ కుళాయి నీళ్ళిస్తున్నాం, మళ్ళీ నీకు గ్లాసెందుకు తాతా అన్నట్టు.

ఆ 46 రూపాయలు ఎవరి జేబులోంచి వస్తున్నాయో చెప్పరు. రైల్వే ప్రయాణికుల మీద పోగొట్టుకునేదాన్ని సరకు రవాణా మీద రాబట్టుకుంటుంది. ఆ సరకులో దాదాపు సగం బొగ్గే. ఆ బొగ్గు ఎవరు తవ్వారు? ఇక్కడ భూపాలపల్లి వైపు ఒకసారి చూడండి. కాకతీయ ఖని గనుల్లో చెమటోడ్చి, మోకాళ్ళు అరగదీసుకుని, దగ్గు తెచ్చుకుని రిటైరైన కార్మికుడు అక్కడ టీ కొట్టు దగ్గర కూర్చుని ఉంటాడు. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం కింద ఆయనకొచ్చేది చెప్పుకుంటే సిగ్గు. ఒకప్పుడు నిజాం రైళ్ళు నడిచింది సింగరేణి బొగ్గుతోనే. ఇప్పటి రైల్వే పెట్టె నింపుతున్నవాటిలో పెద్దదీ బొగ్గే. ఆ బొగ్గు తవ్విన మనిషికి టికెట్‌లో 40 శాతం తగ్గిస్తే రైల్వే దివాళా తీస్తుందట! ఇంకో తమాషా. ఆయన ఊరికి ప్రయాణికుల రైలే లేదు. వరంగల్‌కో జమ్మికుంటకో బస్సులో పోయి రైలు పట్టుకోవాలి.

బస్సు అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు చార్జీ లేదు. మంచిదే, కాదనం. భూపాలపల్లి ముసలమ్మ వరంగల్ స్టేషన్ దాకా పైసా ఖర్చు లేకుండా వస్తుంది. బస్సు దిగేదాకా మహాలక్ష్మి, రైలెక్కగానే మామూలు గిరాకీ! పక్కనున్న ముసలాయన సంగతి బస్సులోనూ అంతంతే. పండక్కి ఊరొచ్చే మనిషి ఆర్టీసీకి ఏటేటా తప్పని గిరాకీ. ఆయన కోసమే స్పెషల్ బస్సు వేస్తారు, ఎప్పటిదో 2003 నాటి జీవో 16 చూపించి ఒకటిన్నర చార్జీ గుంజుతారు. హైదరాబాద్‌లో రోజూ ఎక్కేవాడి నెల పాసు 2025 జూన్‌లో 1,150 నుంచి 1,400 అయింది. రోజూ వచ్చినందుకు బహుమతి! ఢిల్లీ వాళ్ళకు, హైదరాబాద్ వాళ్ళకు జెండాలు వేరు. పాత గిరాకీ మెడ మీద చేయి వేసే తీరు ఒకటే.

ఇక అసలు వీఐపీ గిరాకీ దగ్గరికి వద్దాం. ఎంపీకి రైలు ఉచితం. మాజీ ఎంపీకీ ఉచితమే. ఒంటరిగా పోతే ఫస్ట్ ఏసీ, తోడు ఒకరిని తీసుకుపోతే సెకండ్ ఏసీ. వయసుతో పని లేదు. 2017-18 నుంచి 2021-22 దాకా ఐదేళ్ళలో వాళ్ళ రైలు ప్రయాణాల ఖర్చు సుమారు 62 కోట్లు. అందులో దాదాపు 27 కోట్లు మాజీలవే. కరోనా ఏడాది 2020-21లో కూడా రెండు కోట్ల పైనే అయింది. మరి వాళ్ళకు కరోనా అంటుకోదా? వాళ్ళు అనవసరంగా తిరగకూడదని ఎవరూ బెంగపడలేదే! 2025 మార్చిలో ఎంపీల జీతం లక్ష నుంచి లక్షా 24 వేలు చేశారు. అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా, బకాయిలతో సహా. మాజీల పింఛను 25 వేల నుంచి 31 వేలయింది. ఖజానా మీద భారం అన్న మాట ఆ రోజు ఒక్క నోట రాలేదు. వెనకటి తేదీ నుంచి ఇవ్వడం చేతనవుతుందన్నమాట. ముసలోళ్ళ దగ్గరికొచ్చేసరికి ముందు తేదీ కూడా దొరకదు.

నిజం చెప్పాలంటే ఎంపీల్లో కొందరు అడిగారు కూడా. రైల్వే మీద వేసిన పార్లమెంటు స్థాయీ సంఘమే, అధికార పార్టీ సభ్యుడు అధ్యక్షుడుగా ఉన్న సంఘమే, కనీసం స్లీపర్‌కూ థర్డ్ ఏసీకీ అయినా రాయితీ సంగతి ఆలోచించండి అని సిఫారసు చేసింది. ఏమైంది? ఏం కాలేదు. సుప్రీంకోర్టుకు పోతే అది ప్రభుత్వ విధానం, మేం జోక్యం చేసుకోం అని 2023 ఏప్రిల్‌లో పిటిషన్ కొట్టేశారు. (పనిలో పనిగా మా విలేకరుల 50 శాతం రాయితీ కూడా ఆ మార్చి 20నే పోయింది. దాని గురించి మేం పెద్దగా రాయలేదు. రాస్తే సొంత ఏడుపంటారని భయం. రాయకపోయినా ఒరిగిందేం లేదు.)

పోనీ ఏమీ ఇవ్వడం లేదా అంటే, ఇస్తున్నారు. 2023 ఆగస్టు 6న ప్రధాని ఒక్క మీట నొక్కి 508 స్టేషన్ల ఆధునికీకరణకు శంకుస్థాపన చేశారు. అందులో జనగామ ఉంది, మహబూబాబాద్ ఉంది. కొత్త ముఖద్వారాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు. సంతోషం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన లిఫ్టులో పైకెక్కి, దర్జాగా అవతలి ప్లాట్‌ఫారం మీద దిగి నిలబడొచ్చు. విశాఖ వందే భారత్ అదే దారిలో పోతుంది. 2023 జనవరి నుంచి పోతూనే ఉంది. జనగామలో ఆగదు, మహబూబాబాద్‌లో ఆగదు. దుమ్ము మాత్రం ఇద్దరికీ సమానంగా కొట్టి పోతుంది. ఆ దుమ్ముకు చార్జీ వేయనందుకు రైల్వేకు దండం పెట్టాలి.

కాబట్టి ఎంపీలూ, ఒక్క మాట. జనగామ ఓట్లు భువనగిరి పెట్టెలో పడ్డాయి, భూపాలపల్లి ఓట్లు వరంగల్ పెట్టెలో పడ్డాయి, మహబూబాబాద్‌కు సొంత పెట్టే ఉంది. అంటే ముగ్గురున్నారు మీరు. వచ్చే సమావేశాల్లో ముగ్గురూ లేచి ఈ ప్రశ్న అడగండి. జవాబు మాకు తెలుసు, అందరికీ రాయితీ ఇస్తూనే ఉన్నాం అంటారు. ఆ జవాబు తీసుకుని కూర్చోకండి. ఆపిన తేదీ 2020 మార్చి 20 అని వాళ్ళ కాగితాల్లోనే ఉంది. తిరిగి ఇచ్చే తేదీ చెప్పించండి. అది చెప్పించేదాకా మీ ఉచిత పాసు జేబులో పెట్టుకుని, మా ఊళ్ళకు వచ్చేటప్పుడైనా కౌంటర్ దగ్గర నిలబడి టికెట్ కొనుక్కుని రండి.