నా కాళ్ల పసుపు

నేను నాటు పెట్టని. మాది చోడవరం, గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు పక్క ఇల్లు. నన్ను పెంచే ముసలావిడ ఇంటిల్లిపాదికీ మామ్మ. నాకూ మామ్మే.

గుడ్లు మొదలుకాక ముందు నా కాళ్లు, ముక్కు పచ్చగా మెరిసేవి. ఆ పసుపు నా సొంతం కాదు. కోడి ఒంట్లో అది తయారవదు. మొక్కజొన్నలో, మునగాకులో, తోటకూరలో ఉండే కెరోటినాయిడ్లు తింటేనే వస్తుంది. గుడ్లు మొదలయ్యాక తిన్న రంగంతా సొనకే పోతుంది. ముందు గుడ్డు పెట్టే చోటు, తర్వాత కంటి చుట్టూ, ఆపైన ముక్కు మొదలు నుంచి కొసదాకా, ఆఖరున కాళ్లు వెలిసిపోతాయి. నా తెల్లకాళ్లు చూసి మనవరాలు బెంగపడితే, "జబ్బు కాదే గుంటా, గుడ్లెడతంది!" అంది మామ్మ.

వేసవిలో పచ్చిక మాడిపోయింది. నూకలూ తవుడే మేత. వాటిలో రంగెక్కడుంది? సొన పాలిపోయింది. "ఇది నాటుగుడ్డేనా?" అని పక్కింటావిడ అడిగితే ఒళ్లు మండింది. వానలు పడి ఆకులూ పురుగులూ దొరికాక, పది పన్నెండు రోజుల్లో సొన మళ్లీ ఎర్రబడింది. ఈసారి ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది.

ఫారాలవాళ్లకు వానల కోసం చూసే పని లేదు. మేతలో బంతిపూల సారం, మిరప సారం కలుపుతారు. సొన రంగును 1 నుంచి 15 దాకా అంకెలతో కొలిచే రంగుపట్టీల విసనకర్ర కూడా ఉంది. అడిగిన అంకెకు తగ్గ సొన ఇస్తారు. ఎర్రసొన చూసి నాటుగుడ్డని ఎక్కువ డబ్బిచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వే. నాకు మాత్రం విఘ్నేశ్వరుడి గుడి దగ్గర పారేసిన బంతిదండలు ఊరికే దొరుకుతాయి.

పులికాట్ ఫ్లెమింగోల గులాబీ రంగూ నాచు, రొయ్యజాతి పురుగుల చలవే. జూలో ఆ మేత లేకపోతే తెల్లబడతాయి. విదేశాల్లో బల్లిజాతుల్ని పెంచేవాళ్లు ఎరుపూ పసుపూ తేలాలని మేతలో ఈ కెరోటినాయిడ్లే కలుపుతారు. నీలం మాత్రం మేతతో రాదు, అది చర్మం అమరికలోనే ఉంటుంది. మా కంచె మీది మగ తొండకు రంగు కాలాన్ని బట్టి వస్తుంది. జతకట్టే కాలం రాగానే దాని గొంతు ఎర్రబడుతుంది.

ఇప్పుడు పొదుగుతున్నాను. గుడ్లు ఆగాయి కనక పోయిన పసుపు అదే వరసలో తిరిగొస్తోంది. కంటి చుట్టూ అప్పుడే వచ్చేసింది. కనుమ దగ్గరపడుతోంది. పిల్లల్ని గబగబా లేపి మళ్లీ గుడ్లు మొదలెట్టాలి. కాళ్లు పచ్చబడ్డ పెట్టకు ఈ ఇంట కనుమనాడు ఏమవుతుందో కిందటేడు చూశాను.