యెజెబెలు కాటుక, నాబోతు తోట

వరికోతలు ముగిసి, చలి ముదిరి, క్రిస్మసు సమీపించు దినములలో పార్వతీపురము వీధులయందు ఉజ్జీవ సభల ఫ్లెక్సీలు మొలచును. వానిలో దైవజనుని ముఖము నిలువెత్తును, వారి సతీమణి యగు అమ్మగారి ముఖము దానికి చేరువగను, సభావ్యయమును భరించిన స్థానిక నాయకుని ముఖము క్రిందిభాగమునను ఉండగా, ఎవరి సువార్త నిమిత్తము ఇంత వ్యయమైనదో ఆ నజరేయుడు ఒక మూల మేఘములలో చిన్నవాడై యుండును. తగ్గింపును బోధించినవాడు గనుక ఆయన దీనిని ఆక్షేపింపడని వారి ధైర్యము కాబోలు.

సభ యెవరిదైనను, ప్రసంగము రెండవ గంటలో ప్రవేశించుసరికి యెజెబెలు రాణి వేదికపైకి రాక తప్పదు. షామియానాలో ఒకవైపు కూర్చున్న ఆడపిల్లల కాటుకపైనను, గోళ్లరంగుపైనను, చెవిదుద్దులపైనను, జడలోని కనకాంబరములపైనను తలకు నల్లరంగు వేసికొన్న దైవజనుడు బంగారు గడియారపు చేయెత్తి నిప్పులు కురియును. ఆ రాణి కన్నులకు కాటుక దిద్దుకొనిన మాట నిజమే. రెండవ రాజుల గ్రంథము తొమ్మిదవ అధ్యాయమున, తన్ను చంపింప యెహూ రథమెక్కి వచ్చుచున్నాడని విన్న దినమున, ఒక్కసారి. మృత్యువు వాకిట నిలిచినప్పుడు తల దువ్వుకొని కిటికీలోనుండి తొంగిచూచిన ఆ ధైర్యమునకు నేను లోలోపల కొంత ఆశ్చర్యపడుదును గాని, ఈ మాట మా సంఘపెద్దలకు చేరవేయవలదని మనవి.

ఆమె అసలు నేరము అంతకుముందే, మొదటి రాజుల గ్రంథమున జరిగినది. యెజ్రెయేలులో ఆమె భర్త యగు అహాబు రాజు నగరు నానుకొని నాబోతు అను సామాన్యుని ద్రాక్షతోట యుండెను. దానిని కూరతోటగా మార్చుకొనవలెనని రాజునకు బుద్ధి పుట్టి, మారుగా మంచి తోటయో తగిన వెలయో యిత్తునని యడుగగా, పితరులనుండి వచ్చిన భూమిని విడువనని నాబోతు చెప్పెను. రాజు అలిగి, అన్నము మాని, ముఖము త్రిప్పుకొని పండుకొనెను. అప్పుడు రాణిగారు సైన్యమును పిలువలేదు, కత్తిని వెదుకలేదు, కలము పట్టిరి. రాజు పేర లేఖలు వ్రాసి, రాజముద్ర వేసి, ఊరిపెద్దలకు పంపిరి. ఉపవాసదినము చాటింపవలెను, నాబోతును జనులయెదుట ప్రముఖస్థానమున కూర్చుండబెట్టవలెను, వాడు దేవుని, రాజును దూషించెనని పలుకుటకు ఇద్దరు సాక్షులను నిలుపవలెను, ఆపైన రాళ్లతో కొట్టి చంపవలెను. ముద్ర, సాక్షులు, పెద్దల సమ్మతి, దైవప్రార్థనతో శుభారంభము! మన రిజిస్ట్రారు కచేరీలో ఇంతకంటె నిర్దుష్టమైన దస్తావేజు నెవరు చూపగలరు?

మన మన్యమున ద్రాక్షకు ప్రసిద్ధి లేదు. జీడియు, చింతయు, పసుపును ఉన్నవి. కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సాలూరు కొండలలో వానిని నమ్ముకొని బ్రతుకు జాతాపులును సవరలును నాబోతు పలికిన మాటనే తమ భాషలలో తరతరములుగా పలుకుచున్నారు. భూమిని శాశ్వతముగా విక్రయింపరాదని లేవీయకాండము 25వ అధ్యాయమున విధించిన మోషేకు మన 'వన్ ఆఫ్ సెవెంటీ' చట్టము క్రొత్తగా తోపదు. 1917లోనే ఆంగ్లప్రభుత్వము ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేసెను; 1959లో మనవారు ఒక నిబంధన చేసిరి; 1970లో ఆ 'వన్ ఆఫ్ సెవెంటీ'తో దానిని సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుని పేర జరుగు బదిలీ చెల్లదనిరి. చట్టము వచ్చినది గనుక రాణిగారి కలమునకు పదును హెచ్చెను: జీతగాని పేర కొంత, గిరిజన స్త్రీని భార్యగా చూపి ఆమె పేర కొంత, తీరని అప్పునకు తాకట్టు పేర మరికొంత భూమి కొండ దిగి వచ్చుచునే యున్నది.

రాళ్ల సంగతియు మనకు తెలియనిది కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘపు సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడివద్ద భూస్వాముల పక్షమువారు కాల్పులు జరుపగా కోరన్న, మంగన్న అను ఇద్దరు మరణించిరి; నిందితులు పిదప నిర్దోషులుగా విడుదలైరి. ఆ వెనుక చెలరేగిన శ్రీకాకుళ గిరిజన పోరాటమును గూర్చిన అభియోగమునకు మాత్రము మన యూరిపేరు పెట్టి పార్వతీపురము కుట్రకేసనిరి. కుట్ర యనగానే ఏ పక్షమువారి పేరు పత్రమున కెక్కునో, ఆ విషయమున యెజ్రెయేలునాటి ఆచారము అంతగా మారలేదు.

నాబోతు చనిపోయిన పిమ్మట తోటను స్వాధీనపరచుకొనబోయిన రాజునకు అందులోనే ఏలీయా ప్రవక్త యెదురై, రాజువైనను నేరస్థుడవే యని ముఖముమీద చెప్పెను. సుమారు రెండువేల ఎనిమిది వందల యేండ్లకు, బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లనుండి పుట్టిన సమత కేసులో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇంచుమించు ఆ మాటయే సెలవిచ్చెను: పైన చెప్పిన ఆ భూబదిలీ నిబంధన దృష్టిలో ప్రభుత్వమును ఒక 'వ్యక్తి'యే, అదియు ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు గనులకై కౌలుకియ్యరాదు. ప్రవక్తలు తగ్గిన కాలమున న్యాయమూర్తులు ఆ పని చేయవలసి వచ్చుట మన ఉజ్జీవమునకు ఎట్టి ప్రశంసయో పాఠకులే నిర్ణయింతురు గాక.

సువార్త ఈ సీమకు నిన్న వచ్చినది కాదు. బ్రెక్లుము నుండి జర్మను లూథరను మిషనరీలు 1882లో జయపురము సీమకు వచ్చిరి. అటు కోరాపుట్టు, ఇటు సాలూరు వారి తొలి స్థావరములలోనివి. ఇన్నేండ్లలో మన ప్రసంగము కాటుకను దాటి తోటవరకు సాగకుండుటకు హేతువు వేదాంతమున లేదు, ముందువరుస కుర్చీలలో కలదు. జీడితోటలు గలవారును, వాని దస్తావేజులు వ్రాసినవారును, సభకు జనరేటరు కిరాయి చెల్లించినవారును కూర్చుండునది అక్కడనే. వారికి అహాబు కథలో నచ్చు ఘట్టమొకటి లేకపోలేదు: గద్దింపు విన్న రాజు గోనెపట్ట కట్టి, ఉపవాసముండి, మెల్లగా నడచెను, దేవుడు కనికరించి శిక్షను వాయిదా వేసెను. సాక్ష్యము చెప్పుటకు ఎంత చక్కని కథ! ఆ తోటను నాబోతు వారసులకు తిరిగి యిచ్చినట్లు మాత్రము గ్రంథమున నెక్కడను లేదు.

కావున రాబోవు సభలలో ఆడపిల్లల కన్నులను కొంతకాలము విడిచిపెట్టి, మొదటి రాజుల గ్రంథము ఇరువదియొకటవ అధ్యాయమును ఆదినుండి తుదివరకు మైకులో చదివింపుడని దైవజనులకు నా విన్నపము. అందున్నవి 29 వచనములే. కీబోర్డు వాయించినను, వాయింపకున్నను, అయిదారు నిమిషములు చాలును.