మట్టి అంటని మొక్కల పండుగ

మట్టి గురించి చెప్పాలంటే మట్టిలో దిగాలనుకోవడం పాతకాలపు చాదస్తం. తెల్ల యూనిఫామ్ మీద మరక పడకుండా, గోళ్లలోకి రవ్వంత దుమ్ము పోకుండా పిల్లలకు నేలపాఠం నేర్పేస్తున్న మన బడులకు ఎన్ని దండలు వేసినా తక్కువే.

ముందు ముహూర్తబలం చూడండి. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం. మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది 12న. రోహిణి కార్తె ఇంకా దాటదు, పిల్లలు అమ్మమ్మగారిళ్లలో ఉంటారు. అయినా ఆపుతామా? దొరికిన నలుగురినీ పోగేసి మొక్క నాటించేస్తాం. 1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని జులైలో పెట్టారు. నాలుగు వానలు పడ్డాక నాటితే బతుకుతుందని కాబోలు, పాపం.

గుంత సంగతి మరీ ముచ్చటైనది. ముందురోజు సాయంత్రమే ఇద్దరు కూలీలు గునపాలతో తవ్వి వెళ్తారు. ఆ గుంత గోడ చూస్తే పైన బెత్తెడు మేర నల్లటి మెత్తటి మన్ను, అందులో గడ్డివేళ్లు, తెగిన వానపాము ఒకటి. దాని కింద ఎర్రటి గట్టినేల. అడుగున మొరం. సైన్సు పుస్తకంలో ఉన్న పొరలన్నీ వరసగా తెరిచి పెట్టినట్టే ఉంటాయి. మర్నాడు పోగేసిన ఏడో తరగతివాళ్లు గదిలో కూర్చుని అవే పొరలకు స్కెచ్ పెన్నులతో రంగులు వేస్తుంటారు. పటం గీసి భాగాలు గుర్తిస్తే నాలుగు మార్కులు. ఒకడు ఉండబట్టలేక గుంతలోకి తొంగిచూశాడు. ‘‘ఒరేయ్, అక్కడేం పని? బొమ్మ అయిందా?’’ అని పంతులుగారు వాణ్ని సకాలంలో వెనక్కి పిలిచారు. లేకుంటే పిల్లాడు ఏం నేర్చుకునేవాడో!

ఇక తొమ్మిదింటికి రావలసిన ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తారు. అందాకా పిల్లలను ఎండలో వరసగా నిలబెట్టడం వల్ల నీడ విలువ ఏ పుస్తకమూ అవసరం లేకుండా తెలిసిపోతుంది.

వచ్చాక మొక్కను నల్ల పాలిథిన్ సంచితోసహా గుంతలో దించుతారు. బ్లేడుతో సంచి కోస్తే మట్టి రాలి అతిథిగారి ఖద్దరు మాసిపోదూ? పైగా సంచి ఉంటే వేళ్లకు క్రమశిక్షణ. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పిల్లాడిలా బుద్ధిగా అక్కడక్కడే చుట్లు తిరుగుతాయి. అవతలి నేల ఎలా ఉంటుందో వాటికి జన్మలో తెలియదు.

మొక్క ఎంపికలోనూ మనవాళ్లది పెద్ద మనసు. ప్రహరీ పక్కన వేపగింజలు, కానుగగింజలు రాలి వాటంతటవే మొలుస్తుంటాయి. ఊరికే వచ్చినదానికి గౌరవమేముంది? పీకించేసి, ఎక్కడో సోమాలియా వైపు నుంచి వచ్చిన కోనోకార్పస్‌ను తెప్పించారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నాటొద్దంది కానీ, ప్రేమలు ఆదేశాలతో పోతాయా?

అంకెలు మాత్రం పిల్లలకు బాగా వంటబట్టాయి. 2015లో మొదలైన హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలని నిద్రలో లేపినా చెబుతారు. బతికినవెన్ని అని అడగడం శుభకార్యంలో తుమ్మడమే. జేబు నిండా గింజలు పోసుకుని ఫ్లెక్సీ లేకుండా తిరిగిన ఖమ్మం జిల్లా వనజీవి రామయ్యగారిని మనం మరిచిపోయామనకండి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మేము ఆయన మీద వక్తృత్వ పోటీ పెట్టాం. గింజలు తెచ్చుకొమ్మని మాత్రం ఏ పిల్లాడికీ చెప్పలేదు, క్లాసులో చెత్త అవుతుందని.

శుభ్రత అంటే గుర్తొచ్చింది. రోజూ పొద్దున్నే ఆవరణలో రాలిన ఆకులను చివరి ఆకుదాకా ఊడ్చి, గోడ వెనక కుప్పపోసి తగలబెడతారు. ఒక ఏడాది అలా వదిలేస్తే ఆకులు మట్టిగా మారిపోయే ప్రమాదం ఉంది మరి. కొత్త మొక్కకు ఎరువు కావాలంటే కిలో వర్మీకంపోస్టు ప్యాకెట్టు బజారు నుంచి వస్తుంది. బిల్లు కూడా ఉంటుంది. కాల్చిన ఆకులకు బిల్లేదీ?

దసరా సెలవుల్లో ఆవరణలో మిగిలిన ఆ కాస్త మట్టి జాగాలోనూ సిమెంటు పలకలు పరిపిస్తున్నారట. డిసెంబరు 5న ప్రపంచ నేల దినోత్సవం కదా, ‘నేలతల్లి రుణం’ మీద వ్యాసరచన పోటీకి పిల్లలు బట్టలు మాయకుండా కూర్చోవాలి. రాసుకోవడానికి అట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలని డైరీలో రాయించి పంపారు కూడా.