అమ్మ ఫోన్లో ఏఐ: తలకిందుల సలహాలు

నేను చెప్పబోయే సలహాలు విని మా బంధువులే తప్పుపట్టారు. పెద్దావిడ ఆరోగ్యం విషయంలో ఇవేం మాటలన్నారు. అయినా చెబుతున్నాను, ఏడాది పాటు పడిన పాట్లు నేర్పినవి కాబట్టి.

మా అమ్మకి 71 ఏళ్లు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. పద్నాలుగేళ్లుగా షుగరు, ఎనిమిదేళ్లుగా బీపీ. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు డల్లాస్‌లో. నిరుడు తమ్ముడు ఆమె ఫోన్లో తెలుగులో మాట్లాడే ఏఐ ఒకటి పెట్టాడు. వేళకి మందులు గుర్తుచేస్తుంది, రీడింగులు చెబితే రాసుకుంటుంది, ఏది తినొచ్చో ఏది కూడదో అడిగితే చెబుతుంది. మేమిద్దరం నిశ్చింతగా ఉన్నాం.

మొదటి సలహా: అమ్మ "వేసుకున్నా" అని చెప్పిందంటే మందు సంగతి తేలిపోయిందనుకోకండి. అమ్మ అబద్ధం చెప్పదు. మా అమ్మా చెప్పలేదు. ఆ నెల మందుల షాపులో పాత కంపెనీది లేదని గ్లిమెపిరైడ్ మాత్ర వేరే కంపెనీది ఇచ్చారు. మందు అదే, బలమూ అదే, రంగు మాత్రం వేరు. అమ్మకి గ్లిమెపిరైడ్ అన్న పేరు తెలియదు, ఆమెకది "పచ్చబిళ్ళ". కొత్తగా వచ్చినదాన్ని డాక్టరు అదనంగా రాసిన మందనుకుంది. రోజూ డబ్బాలో మిగిలిన పచ్చబిళ్ళల్లోంచి ఒకటి, కొత్త గులాబీ బిళ్ళ ఒకటి, రెండూ వేసుకుంది. ఎనిమిదింటికి ఏఐ "షుగరు మాత్ర వేసుకున్నారా?" అంది. "వేసుకున్నా" అంది అమ్మ. అది రాసుకుంది.

మూడో రోజు రాత్రి జాకెట్టు తడిసిపోయేలా చెమటలు, చేతుల వణుకు. గోడ మీద కొట్టి పక్కింటి పిన్నిని పిలిచింది. మిషన్లో చూస్తే 54. డెబ్బైకి తగ్గితేనే ప్రమాదం. స్పృహ ఉంది, మింగగలుగుతోంది కాబట్టి పిన్ని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే 92. ఆ జాతి మాత్రతో పడిపోయిన షుగరు లేచినట్టే లేచి మళ్లీ పడుతుందని పిన్నికి తెలుసు, ఆమె భర్తదీ అదే జబ్బు. ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లింది. అమ్మ ఫోన్లో ఆ మూడు రోజుల పట్టీ చూశాను. ఒక్క పూట కూడా తప్పకుండా అన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఏఐ మన మాట నమ్ముతుంది. మనం దాన్ని నమ్మాలా వద్దా అని అందరూ వాదించుకుంటారు గానీ, అసలు చిక్కు ఇక్కడుంది. బిళ్ళ రంగుతో గుర్తుపెట్టుకోమని పెద్దవాళ్లకి ఎప్పుడూ చెప్పకండి. ప్రతి స్ట్రిప్ మీదా స్కెచ్ పెన్నుతో "షుగరు, పొద్దున, టిఫినుకి ముందు" అని డాక్టరు చీటీ ప్రకారం తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. కొత్త స్ట్రిప్ ఇంటికి రాగానే పాతది డబ్బాలోంచి తీసేయండి.

రెండోది వింటే కోపమొస్తుంది. అమ్మకి ఫోన్ చేసినప్పుడు షుగరెంతుందని అడగకండి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె గ్లూకోమీటరులో పాత రీడింగులు చూపించే బటన్ నొక్కాను. అరిసెలు తిన్న రోజు 231. ఏఐ దగ్గర ఆ రోజుకి ఉన్నది 142. ఇంకా ఐదారు రోజులు అలాగే ఉన్నాయి. అప్పటికి వారం ముందే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.9 వచ్చింది. "ఇంట్లో రీడింగులన్నీ బాగున్నాయిగా, ల్యాబువాళ్లదే తప్పేమో" అని నేనే డాక్టరుతో అన్నాను. ఎందుకలా చెప్పావమ్మా అంటే, స్టవ్ వైపు తిరిగి, "ఎక్కువొస్తే నువ్వు ఫోన్లో అరుస్తావు కదే" అంది.

నిజమే, అరిచేదాన్ని. ఇప్పుడు ఫోన్లో పక్కింటి పిన్ని కోడలి సంగతులు, మార్కెట్లో వంకాయల ధర మాట్లాడుకుంటున్నాం. అంకెలు ఆమే అప్పుడప్పుడూ చెబుతోంది, పెద్దవి కూడా. నేను నెలకోసారి వెళ్లినప్పుడు మీటరు, బిళ్ళల లెక్క చూసుకుంటున్నాను. పండగ రోజు, పెళ్లిభోజనం రోజు, నిద్రపట్టని రోజు షుగరు తప్పకుండా చూసుకోమనండి. డాక్టరుకి కావలసినవి ఆ అంకెలే. బీపీ మాత్రం మెట్లెక్కి వచ్చి చూసుకోవద్దు, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాకే చూసుకోవాలి.

మూడో సలహా: ఏఐ ఇచ్చిన జవాబు అమ్మకి బాగా నచ్చిందంటే ఆ జవాబును అనుమానించండి. "మామిడిపండు తినొచ్చా?" అంటే అది జాగ్రత్తలు చెబుతుంది. "చిన్న ముక్క తింటే ఏం కాదు కదా?" అంటే చాలాసార్లు ఔననే అంటుంది. అడిగిన తీరులోనే కోరుకున్న జవాబు ఉంటే అటే మొగ్గడం వీటికి అలవాటు. ఉప్పు విషయంలో ఇది మరీ ముఖ్యం. 2025లో అమెరికా వైద్యపత్రిక ఒకటి అరవై ఏళ్ల మనిషి కథ ప్రచురించింది. వంటల్లోంచి ఉప్పు తీసేయాలని చాట్‌జీపీటీని సంప్రదించి, దాని బదులు మూడు నెలలు సోడియం బ్రోమైడ్ తిన్నాడు. పొరుగాయన తనకి విషం పెడుతున్నాడన్న భ్రమతో ఆసుపత్రిలో చేరి మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. మన ఇళ్లలో అంత దూరం పోకపోవచ్చు. కానీ బీపీకి మంచిదని అమ్మే "లో సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర వేసుకునేవాళ్లకి అది గుండెకే ముప్పు తేవచ్చు. ఆ ప్యాకెట్టు గురించి అడగాల్సింది డాక్టర్నే. మాత్ర పెంచాలా, తగ్గించాలా, మానాలా అన్నదీ అంతే. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మూతి వంకర, స్పృహ తప్పడం లాంటివి వస్తే ఏఐతో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఇంతా చెప్పి ఆ ఏఐని తీసేయలేదు. చీటీలో డాక్టరు గొలుసు రాతని చదివిపెడుతుంది. ఈసారి డాక్టర్ని ఏం అడగాలో అమ్మ చెబుతుంటే జాబితా తయారుచేస్తుంది. మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మందు గుర్తుచేసే గొంతు ఒకటి ఉందని ఆమెకి ధైర్యం. అది చేయగలిగిన పనులు ఇవి, చక్కగానే చేస్తోంది.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మందుల డబ్బా మంచం మీద బోర్లించండి. ఏ బిళ్ళ ఎందుకు వేసుకుంటున్నావని ఒక్కొక్కటీ చూపించి అమ్మని అడగండి. ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డం రాకండి.